తాత పాడిన పద్యంలో ఏదో పెద్ద లెక్క ఉందట. ఎవరికైనా అర్థమవుతుందా?

పరకాల పోరగాడు
ఆదివారం, రాత్రి 11:20

అందరికీ నమస్తే. మాది పరకాల పక్కన పల్లెటూరు. వడ్లు కల్లంలో ఆరబోసి ఉన్నాయి. మబ్బు పట్టిందని నిన్న రాత్రి నేను, మా తాత కాపలా పడుకున్నాం. కరెంటు పోయింది. కుప్ప పక్కన మంచం మీద పడుకున్న తాత ఉన్నట్టుండి ఒక పద్యం ఎత్తుకున్నాడు. చిన్నప్పుడు బడిపంతులు నేర్పాడట. "దీంట్ల ఒక లెక్క ఉన్నది రా, వడ్ల లెక్క" అన్నాడు. ఏం లెక్క తాతా అంటే "పంతులు చెప్పిండు గని యాదికి లేదు" అన్నాడు.

ఫోన్‌లో రికార్డు చేశాను. చివర్లో రోడ్డు మీద హార్వెస్టర్ పోవడంతో సగం వినపడలేదు. విన్నంతవరకు రాస్తున్నా:

శరశశి షట్కచంద్ర శరసాయక రంధ్ర వియన్నగాగ్ర భూధర గగనాబ్ధి వేదగిరి తర్కపయోనిధి పద్మజాస్య కుంజర తుహినాంశు సంఖ్యకు...

ఇక్కడ హార్వెస్టర్. నాకు "చంద్ర" ఒక్కటే అర్థమైంది. "వేదగిరి" మనిషి పేరు అనుకుంటున్నా.

జనగామ జంక్షన్
11:34

వియన్నా కూడా ఉంది కదా తమ్ముడూ. తాత ఎప్పుడైనా ఫారిన్ పోయొచ్చాడా?

చంపకమాల
సోమవారం, ఉదయం 6:10

నవ్వింది చాలు గానీ, ఇది మంచి పద్యం. నా పేరే దీని వృత్తం. ప్రాస కూడా పట్టుకోవచ్చు: "శర" అని మొదలైంది, రెండో పాదం "ధర", మూడోది "జర". పోరగాడు పాదాలు విడగొట్టకుండా రాశాడు కాబట్టి కనపడలేదు.

ఇవన్నీ అంకెలు. పాతకాలంలో పద్యంలో అంకెను అంకెగా చెప్పేవారు కాదు. ఆ సంఖ్యలో ఉండే వస్తువు పేరు చెప్పేవారు. శర, సాయక అంటే బాణాలు. మన్మథుడివి ఐదు, కాబట్టి 5. శశి, చంద్ర, తుహినాంశు మూడూ చంద్రుడే, 1. షట్క అంటే నేరుగా ఆరే. రంధ్ర అంటే శరీరంలోని నవరంధ్రాలు, 9. వియత్, గగన అంటే ఆకాశం, శూన్యం, 0. నగ, భూధర, గిరి మూడూ కొండలే. కులపర్వతాలు ఏడు కాబట్టి 7. అబ్ధి, పయోనిధి సముద్రాలు, 4. వేదాలు 4. తర్కాలు 6. పద్మజుడు అంటే బ్రహ్మ, ఆస్యం అంటే ముఖం, 4. కుంజరం ఏనుగు, దిగ్గజాలు ఎనిమిది, 8.

కాబట్టి అది వియన్నా కాదు, వియత్ + నగ, అంటే 0, 7. వేదగిరి కూడా మనిషి కాదు. 4, 7.

ఇంకో నియమం ఉంది: "అంకానాం వామతో గతిః". అంకెలు ఎడమవైపుకు నడుస్తాయి. మొదట చెప్పింది ఒకట్ల స్థానం, తర్వాతది పదులు, అలా. అంటే పద్యంలో చిట్టచివరి చంద్రుడు మన సంఖ్యకు మొదటి అంకె.

ఒకచోట ఆగిపోయాను. "నగాగ్ర భూధర" దగ్గర. అగ్ర అన్నది అంకెల పేర్లలో మామూలుగా కనపడదు. అగ్రభూధరం, అంటే గొప్ప కొండ అని విశేషణంగా తీసుకుంటే మొత్తం 19 అంకెలు. లేక అగ్రం అంటే మొదటిది, 1 అనుకుంటే 20. ఆ స్థానం ఖాళీ పెట్టి రాస్తే:

1844674407_709551615

విత్తనాల దుకాణం
8:02

మేడమ్, సముద్రాలు ఏడు కదా? సప్తసముద్రాలు అని పసిపిల్లలకు కూడా తెలుసు. మీరు నాలుగు వేశారు.

చంపకమాల
8:15

మంచి ప్రశ్న. ఏడుగా వాడినవాళ్లూ ఉన్నారు. అంకెల మాటల్లో మాత్రం నాలుగు దిక్కుల నాలుగు సముద్రాలు అన్న లెక్కే ఎక్కువ. ఈ పద్యంలో నాలుగే అని మాత్రం నేను రుజువు చేయలేను. అలవాటును బట్టి వేశాను.

జనగామ జంక్షన్
8:40

ఇది శాసనం తేదీ అయి ఉంటుంది. శాసనాల్లో శకసంవత్సరాలు ఇట్లనే మాటల్లో చెక్కుతారు కదా. మనది కాకతీయుల జాగా మరి.

లెక్కల సార్
9:05

శకసంవత్సరానికి నాలుగు అంకెలు చాలు నాయనా. ఇరవై అంకెల సంవత్సరం వచ్చేనాటికి సూర్యుడే ఉండడు, శాసనం చెక్కేవాడు ఎక్కడుంటాడు. పోరగాడూ, ఆ మిగతా సగం సంపాదించు. లెక్క అక్కడే ఉంటుంది.

పరకాల పోరగాడు
మంగళవారం, రాత్రి 10:15

తాతతో మళ్లీ చెప్పించాను. "రోజూ అదే అడుగుతవ్, పరీక్ష ఉన్నదా" అని కసిరాడు. పద్యం చివర్లో మూడు మాటలు స్పష్టంగా వినపడ్డాయి: "చతురంగ గేహ", "రెట్టి", "సంకలితంబు".

చంపకమాల
10:31

ఇంకేం కావాలి! చతురంగ గేహం అంటే చదరంగం గడి. రెట్టి అంటే రెట్టింపు. సంకలితం అంటే కూడగా వచ్చిన మొత్తం. చదరంగం పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండోదాంట్లో రెండు, మూడోదాంట్లో నాలుగు, ఇలా 64 గడులూ నింపితే వచ్చే మొత్తం ఈ పద్యం. తాత "వడ్ల లెక్క" అన్నది నిజమే.

ఇప్పుడు గుర్తొచ్చింది. ఇది పావులూరి మల్లన పేరు మీద ప్రచారంలో ఉన్న పద్యం. మహావీరాచార్యులు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు మల్లన. 11వ శతాబ్దపువాడని ఎక్కువమంది చెప్తారు. మన భాషలో లెక్కల పుస్తకం అంత పాతది. పుస్తకం ఇప్పుడు నా దగ్గర లేదు. చూసి చెప్దామంటే రెండు రోజులు పడుతుంది.

జనగామ జంక్షన్
10:44

చదరంగం అనగానే మన వరంగల్ అర్జున్ ఎరిగైసి గుర్తొచ్చాడు. 2024 డిసెంబరు జాబితాలో 2800 రేటింగ్ దాటాడు. ఊరికే చెప్తున్నా, గర్వంగా ఉంటుంది.

లెక్కల సార్
బుధవారం, ఉదయం 5:50

మేడమ్, పుస్తకం కోసం రెండు రోజులు ఆగనక్కర్లేదు. కాగితం, పెన్సిల్ చాలు. రాత్రి నిద్ర పట్టక చేశాను.

ముందు 19 అంకెలా, 20 అంకెలా అన్నది తేల్చుదాం. 64 గడుల మొత్తం 2⁶⁴ లోంచి 1 తీసేస్తే వచ్చేది. 2ను పదిసార్లు గుణిస్తే 1024, వెయ్యికి కాస్త ఎక్కువ. అరవైసార్లు గుణిస్తే వెయ్యిని ఆరుసార్లు గుణించినంత, అంటే ఒకటి పక్కన 18 సున్నాలకు కాస్త ఎక్కువ. ఇంకో నాలుగు రెట్టింపులు అంటే 16 రెట్లు. కాబట్టి సంఖ్య 16 పక్కన 18 సున్నాల కంటే పెద్దది. 20 అంకెలు ఉండి తీరాలి. "గొప్ప కొండ" పనికిరాదు. ఆ ఖాళీలో ఒక అంకె ఉంది.

ఏ అంకె? 2, 4, 8, 16... వీటిని 9తో భాగించుకుంటూ పోండి. శేషాలు 2, 4, 8, 7, 5, 1 వచ్చి మళ్లీ 2 దగ్గర మొదలవుతాయి. ఆరింటికి ఒక చుట్టు. 64లో పది చుట్లు పోగా నాలుగు మిగులుతాయి. నాలుగో శేషం 7. అందులోంచి 1 తీస్తే 6. అంటే తాత సంఖ్యను 9తో భాగిస్తే 6 మిగలాలి. ఒక సంఖ్యను 9తో భాగించినా, దాని అంకెలన్నీ కూడి 9తో భాగించినా శేషం ఒకటే. ఇది చిన్నప్పుడు మనందరం చేసిందే.

మేడమ్ వేసిన అంకెలన్నీ కూడితే, ఖాళీ కాకుండా, 84. దాన్ని 9తో భాగిస్తే 3 మిగులుతుంది. మనకు 6 కావాలి. కాబట్టి ఖాళీలో 3. ఇంకే అంకె పెట్టినా కుదరదు.

విత్తనాల దుకాణం
7:30

సార్, నా ఏడు సముద్రాల సంగతి? రెండుచోట్లా 4 బదులు 7 వేస్తే మొత్తం 90 అవుతుంది. అప్పుడు ఖాళీలో 6 పెడితే మీ లెక్క కుదురుతుంది కదా!

లెక్కల సార్
7:48

శభాష్. దుకాణంలో కూర్చుని ఇది పట్టావంటే నువ్వు నా దగ్గర చదవలేదే అనిపిస్తోంది. నిజమే. 9 లెక్క ఒక్కటే ఇద్దరి మధ్య తీర్పు చెప్పలేదు. 11 దగ్గరికి పోదాం.

2ను పదిసార్లు గుణిస్తే 1024. 11 తొంభై మూళ్లు 1023. శేషం 1. కాబట్టి 11 దగ్గర చుట్టు పదికి ఒకసారి. 64లో ఆరు చుట్లు పోగా నాలుగు మిగులుతాయి. 2⁴ అంటే 16, 11 పోతే 5, దాంట్లోంచి 1 తీస్తే 4. తాత సంఖ్యను 11తో భాగిస్తే 4 మిగలాలి.

11కు అంకెలన్నీ కూడకూడదు. కుడివైపు నుంచి ఒకటి విడిచి ఒకటి కూడి, విడిచినవాటి మొత్తాన్ని తీసేయాలి. మేడమ్ లెక్క ప్రకారం సముద్రం 4, ఖాళీలో 3: ఒక వరుస 62, రెండో వరుస 25, తేడా 37. 33 పోతే 4. కుదిరింది. నీ లెక్క ప్రకారం సముద్రం 7, ఖాళీలో 6: 68, 28, తేడా 40. 33 పోతే 7. కుదరలేదు.

ఈ పద్యంలో సముద్రాలు నాలుగే.

చంపకమాల
8:05

సార్! మూడు అంటే అగ్ని! గార్హపత్యం, ఆహవనీయం, దక్షిణాగ్ని, త్రేతాగ్నులు. వియత్, నగ, అగ్ని: "వియన్నగాగ్ని భూధర". అగ్ర కాదు, అగ్ని! పోరగాడు తప్పు విన్నాడు.

తమాషా ఏంటంటే, ఈ తప్పును ఛందస్సు పట్టుకోలేదు. అగ్ర అన్నా అగ్ని అన్నా గురువు తర్వాత లఘువే, గణం చెడదు. యతి, ప్రాస కూడా చెడవు. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన నేను దాటిపోయాను. 9తో భాగించి మీరు పట్టుకున్నారు. కొంచెం అసూయగా ఉంది.

సెకండియర్ ఎంపీసీ
సాయంత్రం 5:40

సార్, చిన్న డౌట్. 64 గడులు కదా, 2⁶⁴ రావాలి. ఒకటి ఎందుకు తీసేస్తున్నాం?

లెక్కల సార్
6:02

మొదటి గడిలో 1, రెండో గడిలో 2. కలిపితే 3. మూడో గడిలో 4. ఒకటి తక్కువైంది చూడు. మూడు గడులు కలిపితే 7, నాలుగోదాంట్లో 8. ఎక్కడ ఆగినా, వెనక పోసిందంతా కలిపితే రాబోయే గడికి ఒక్క గింజ తక్కువ ఉంటుంది. లేని 65వ గడిలో 2⁶⁴ గింజలు పడాలి. కాబట్టి పలక మొత్తం మీద దానికంటే ఒకటి తక్కువ. 64వ గడి ఒక్కదాంట్లో ఉన్న గింజలు మిగతా 63 గడుల కంటే ఒకటి ఎక్కువ అన్నది కూడా ఇందులోనే ఉంది.

అకౌంట్స్ అన్న
రాత్రి 8:20

అందరూ ఇంత కష్టపడటం ఎందుకు? నేను ఎక్సెల్‌లో కొట్టాను. వచ్చింది 18446744073709600000. సార్ చెప్పిన 3 కరెక్టే, సముద్రాలు కూడా 4. కానీ చివర చూడండి, సున్నాలున్నాయి. పద్యంలో 51615 అని ఉంది. మల్లన గారు చివర్లో తప్పు చేశారు. అంత పాతకాలం మనిషి, ఇక్కడిదాకా కరెక్టుగా రావడమే గొప్ప.

లెక్కల సార్
8:33

బాబూ, మల్లనను తప్పు పట్టేముందు ఒక్క నిమిషం. 2ను 2తో ఎన్నిసార్లు గుణించినా సరిసంఖ్యే. అందులోంచి 1 తీస్తే బేసి. బేసిసంఖ్య సున్నాతో ముగుస్తుందా? 2, 4, 8, 6 అని చివరి అంకె నాలుగింటికి ఒకసారి తిరిగొస్తుంది. 64 నాలుగుతో పోతుంది కాబట్టి 2⁶⁴ చివర 6. ఒకటి తీస్తే 5. పద్యం దేనితో మొదలైంది? "శర".

రాత్రి షిఫ్టు
గురువారం, తెల్లవారుజాము 2:50

ఇప్పుడే చూశాను. నాది హన్మకొండే, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నా. ఈ సంఖ్య నాకు కంఠతా వచ్చు, తాత మీద ఒట్టు.

18446744073709551615

పద్యంలో ఒక్క అంకె కూడా తేడా లేదు. ఇప్పుడే మెషీన్ మీద కూడా చూసుకున్నా. 64 బిట్లలో పట్టే అతిపెద్ద పూర్ణసంఖ్య ఇదే. బిట్టు అంటే ఒకటో సున్నానో. 64 గడులూ ఒకట్లతో నిండితే ఈ సంఖ్య. చదరంగం పలకా, మా కంప్యూటర్‌లో అంకెలు దాచే రిజిస్టరూ ఒకటే అన్నమాట. మా పనిలో ఇది స్క్రీన్ మీద కనపడిందంటే టెన్షన్, ఎక్కడో సున్నాలోంచి ఒకటి తీసేశాం అని అర్థం. దీని చిన్న తమ్ముడు 2147483647, అంటే 2³¹ – 1. 2014లో యూట్యూబ్‌లో ఒక కొరియా పాట చూసినవాళ్ల లెక్క దాన్ని దాటబోతుంటే వాళ్లు కౌంటర్‌ను 64 బిట్లకు మార్చుకున్నారు.

అకౌంట్స్ అన్నా, ఎక్సెల్ 15 అంకెలే పట్టుకుంటుంది. ఆ తర్వాతవి గుండు సున్నాలు చుడుతుంది. 15వ అంకె 5 ఉండాల్సింది మీకు 6 అయింది చూశారా, సవరించి ఒకటి పైకి జరిపింది. ఇంకో సంగతి, 2⁶⁴ అని కొట్టండి, ఒకటి తీసేసి కొట్టండి, దానికి రెండూ ఒకటే. ఆ ఒక్క గింజ దానికి కనపడదు.

పద్యం మొదలయ్యేది ఏ అంకెలతో చూడండి: శర, శశి, షట్క, చంద్ర, శర. 5, 1, 6, 1, 5. సరిగ్గా ఎక్సెల్ పారేసిన చోటు.

అకౌంట్స్ అన్న
ఉదయం 9:10

సరే సరే. మల్లన గారికి క్షమాపణలు. కానీ జీఎస్టీ లెక్కలకు 15 అంకెలు చాలు.

సెకండియర్ ఎంపీసీ
9:25

మరి ఆ కాలంలో ఎలా చేసుంటారు? 64 సార్లు గుణించారా?

చంపకమాల
10:00

ఎలా చేశారో పద్యంలో లేదు. దారి మాత్రం ఛందశ్శాస్త్రంలోనే ఉంది. పింగళుడు గురులఘువుల ప్రస్తారం, అంటే వాటిని ఎన్ని రకాలుగా పేర్చవచ్చో లెక్కించడానికి ఇచ్చిన సూత్రం ఇదే: సరిసంఖ్య వస్తే సగం చేసి వర్గం చెయ్యి, బేసి వస్తే ఒకటి తీసి రెట్టింపు చెయ్యి. 64 ఆరుసార్లు సగం అవుతుంది. అంటే 2 నుంచి మొదలుపెట్టి ఆరు వర్గాలు: 4, 16, 256, 65536, 4294967296, ఆ తర్వాతది మనది. చివరి గుణకారం ఒక్కటే చెమట పట్టిస్తుంది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. చంపకమాలలో పాదానికి 21 అక్షరాలు. ఒక్కో అక్షరం గురువో లఘువో కాబట్టి 21 అక్షరాల పాదాలు మొత్తం 2097152 రకాలు. ఆ వరుసలో చంపకమాల 711600వది. రెట్టింపుల లెక్క చెప్పే పద్యం తానే రెట్టింపుల లెక్కలో ఒక గడిలో కూర్చుంది.

లెక్కల సార్
10:20

711600 నేను కూడా వేసి చూశాను. లఘువుకు 1, గురువుకు 0 పెట్టి, ఎడమ నుంచి 1, 2, 4, 8 విలువలిచ్చి కూడితే 711599, దానికి ఒకటి కలపాలి. సరిపోయింది. పింగళుడికి రాత్రి షిఫ్టు ఉద్యోగం దొరికేది.

జనగామ జంక్షన్
10:41

ఎవరైనా దీన్ని తెలుగులో చదివి పెట్టండి. మా అమ్మకు చెప్పాలి.

లెక్కల సార్
11:00

లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బై కోట్లు, తొంభై అయిదు లక్షల యాభై ఒక వెయ్యి ఆరు వందల పదిహేను. అమ్మకు ఒక్క ఊపిరిలో చెప్పు చూద్దాం.

సెకండియర్ ఎంపీసీ
సాయంత్రం 6:15

సార్, నేను దీని కారణాంకాలు తీశాను. కాలేజీలో చెప్పిన a² – 1 = (a – 1)(a + 1) ఒక్కటే వాడాను. 2⁶⁴ – 1 అంటే (2³² – 1)(2³² + 1). మొదటి ముక్కను మళ్లీ అట్లనే విడగొడితే, ఉల్లిగడ్డ పొరల్లాగా వచ్చాయి:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

ఒక్కొక్కటీ వెనకవాటన్నిటినీ గుణించి 2 కలిపితే వస్తోంది. 3 × 5 = 15, దానికి 2 కలిపితే 17. 3 × 5 × 17 = 255, 2 కలిపితే 257. ఇవన్నీ ప్రధాన సంఖ్యలేనా? చివరిదాన్ని 7, 11, 13తో భాగించి చూశాను, పోలేదు. ఓపిక అయిపోయింది.

లెక్కల సార్
7:10

అమ్మాయ్, నువ్వు ఆగిన చోటే ఫెర్మా కూడా ఆగాడు. ఈ వరుసను ఫెర్మా సంఖ్యలు అంటారు. 17వ శతాబ్దంలో ఆయన ఇవన్నీ ప్రధానాలే అని నమ్మాడు. 65537 దాకా నిజం. 4294967297 దగ్గర దెబ్బ తిన్నాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641 భాగిస్తుందని చూపించాడు. నువ్వు 13 దగ్గర ఆపకుండా 641 దాకా పోయుంటే దొరికేది. 641 × 6700417. ఆ రెండోది ప్రధానమే.

భాగహారం చేయకుండానే 641 పోతుందని చూపించే పద్ధతి ఒకటి ఉంది. నాకు లెక్కల్లో ఇష్టమైనవాటిలో ఒకటి, ఓపికగా చదువు. 641 అంటే 5 × 128 + 1. అంటే 5 × 2⁷ ను 641తో భాగిస్తే –1 మిగిలినట్టు. 641 ఇంకో రకంగా 625 + 16 కూడా. అంటే 5⁴ మిగిల్చేది –2⁴. ఇప్పుడు మొదటిదాన్ని నాలుగో ఘాతం చేస్తే 5⁴ × 2²⁸ మిగిల్చేది 1. 5⁴ బదులు –2⁴ పెట్టు. –2³² మిగిల్చేది 1. కాబట్టి 2³² + 1 మిగిల్చేది సున్నా. అయిపోయింది.

కాబట్టి తాత సంఖ్య: 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఏడు ప్రధానాలు, ఏదీ రెండోసారి రాదు. ఒక్కోదాన్ని తీసుకోవచ్చు, వదిలేయొచ్చు. కాబట్టి భాజకాలు మొత్తం 2⁷, 128. మళ్లీ రెట్టింపులే! 65537 తర్వాత ఆ ఫెర్మా వరుసలో ప్రధానం ఇంతవరకు ఒక్కటి కూడా దొరకలేదు.

విత్తనాల దుకాణం
శుక్రవారం, మధ్యాహ్నం 2:30

సముద్రాల్లో ఓడిపోయాను కాబట్టి వడ్లలో గెలుస్తా. మధ్యాహ్నం గిరాకీ లేదు. వెయ్యి గింజలు లెక్కపెట్టి విత్తనాల తూకం మీద పెట్టాను. 15 గ్రాములు. రకం పేరు చెప్పను, ప్రచారం అంటారు.

ఇక పలక మీదికి రండి. రెండు వరుసలు, అంటే 16 గడులు నిండితే 65535 గింజలు. 983 గ్రాములు, కిలో కూడా లేదు. చదరంగం కథలో ఈ గింజలు బహుమానంగా అడిగితే ఇంతేనా అని రాజు నవ్వుకునేది ఇక్కడే. మూడు వరుసలకు ఆరు బస్తాలు, పైన పన్నెండు కిలోలకు కొంచెం తక్కువ. బస్తా అంటే 40 కిలోలదే. నాలుగు వరుసలు, సగం పలక: 64 టన్నులు, 1610 బస్తాలు. ఇప్పటికీ భయం లేదు. మా ఊరి కల్లాల్లో చూసినంతే. ఏనుమాముల మార్కెట్‌లో దింపుకుంటారు.

ఐదో వరుస చివరకు 16 వేల టన్నులు దాటింది. ఆ తర్వాత నేను బస్తాల్లో లెక్కపెట్టడం మానేశా. మొత్తం పలకకు 27,670 కోట్ల టన్నులు. దేశం మొత్తం ఏడాదికి 20 కోట్ల టన్నుల వడ్లు పండిస్తుందనుకుంటే దాదాపు పదమూడు వందల ఎనభై ఏళ్ల పంట. బస్తాలే కావాలంటే 6.9 లక్షల కోట్లు.

అకౌంట్స్ అన్న
2:41

వెయ్యి గింజలు నిజంగా లెక్కపెట్టావా అన్నా?

విత్తనాల దుకాణం
2:44

970 దగ్గర కస్టమర్ వచ్చి "ఏంజేస్తున్నవ్" అని గుప్పిట్లోకి తీసుకున్నాడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టా.

పరకాల పోరగాడు
రాత్రి 9:55

ఆలస్యానికి క్షమించండి. ఇయ్యాల మా వడ్లు కాంటా అయ్యాయి. రాత్రి తాతకు మొత్తం చదివి వినిపించాను.

ముందు ఆ మాట సంగతి అడిగా. "తాతా, అగ్రనా, అగ్నినా?" అని. "అగ్నే అన్న. నీకే సరింగ ఇనబడలే. పండ్లు లేని నోటికి 'గ్ని' ఏడ పలుకుతది" అన్నాడు. సార్, మేడమ్, మీ మూడు రోజుల కష్టం నా చెవుల వల్లే. క్షమించండి.

సంఖ్య చదివాను. పట్టించుకోలేదు. ఆయిలర్ గురించి చెప్పాను, "మన దిక్కోడేనా" అన్నాడు. 6.9 లక్షల కోట్ల బస్తాలు అనగానే మాత్రం లేచి కూర్చున్నాడు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగాడు:

"బస్తాకు ఎంత తరుగు తీసిండ్రు?"

లెక్కల సార్
10:08

రెండు కిలోలు వేసుకో. 13.8 లక్షల కోట్ల కిలోలు. తాతకు చెప్పు.